మామగారి కొత్త ఉద్యోగం

సముద్రపొడ్డు పార్కులో దుప్పట్లు పరిచి అందరూ నడుం వాల్చాక చూసుకుంటే మామగారు లేరు.

"ఆయనకి ఒకచోట కాలు నిలవదు. మీరిద్దరూ వెళ్ళి పిలుచుకురండి," అంది అత్తగారు.

ఆ 'ఇద్దరూ' అన్న మాటే పెద్దకోడలికి చిరాకు తెప్పించింది. తను కుట్టిన యూనిఫాం భుజాలు కుదరలేదని నర్సుగా పనిచేసే తోడికోడలు ఇంకో దర్జీ చేత విప్పించి కుట్టించుకుంది. ఊదితే ఎగిరిపోయే సంగతే. ఊదేవాళ్ళు లేక ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు.

కాలిబాట కొండ అంచునే పోతుంది. ఒక్క మనిషి పట్టేంత దారి. ఒకపక్క ఉప్పుగాలికి వంగిపోయిన పొదలు, రెండోపక్క చాలా కిందుగా నల్లరాళ్ళు, వాటి మీద నురగ. పెద్దకోడలు ముందు, చిన్నకోడలు వెనక నడిచారు. ఒక మలుపు దగ్గర అంచు విరిగి జారిపోయి ఉంది. పెద్దకోడలు కిందకి చూసి ఆగిపోయింది.

"కిందకి చూడకక్కా. పొదలు పట్టుకుని నడు," అంది చిన్నకోడలు, ఆమె భుజం మీద చెయ్యి వేసి.

నడిచింది. ఆ పక్కనే మామగారు చొక్కా చేతులు మడిచి, అంచు వెంబడి కర్రలు పాతుతున్నారు. పార్కు కాపలాదారు తాడు అందిస్తున్నాడు.

"ఇదేం పని మామయ్యా?"

"ఉద్యోగమమ్మా. సోమవారం చేరుతున్నా. ఉండడానికి గది, వంటకి పొయ్యి కూడా ఇస్తారు."

"మీకేం తక్కువ చేశామని?"

"తక్కువేం లేదు. కూర్చోబెట్టి తిండి పెడుతున్నారు. ఆ కూర్చోవడమే నావల్ల కావడం లేదు." ముప్ఫయ్యేళ్ళు బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి ఆయన.

"అత్తయ్యకి చెప్పారా?" అంది చిన్నకోడలు.

"చెప్పే మొనగాణ్ణయితే ఇంత దూరమొచ్చి కర్రలు పాతుతానా?"

పని అయ్యాకే వస్తానన్నారు. తిరుగుదారిలో, "నువ్వు చెప్పు," అంటే "పెద్దదానివి, నువ్వే చెప్పక్కా," అని వాదించుకుంటూ వచ్చారు. చివరికి పెద్దకోడలే చెప్పింది.

అత్తగారు దుప్పటి అంచు సర్దుకుంది.

"ఆ గదిలో పొయ్యి ఉందా?"

"ఉందట."

"అయితే వండుకుంటాడులే. నేను మాత్రం ఇల్లు కదలను."

పెద్దకొడుకు నలుగురూ ఏమనుకుంటారని గోల పెట్టాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ నలుగురికీ వాళ్ళ వాళ్ళ గొడవలున్నాయి.

నెల తిరక్కుండానే అత్తగారు బస్సెక్కి వెళ్ళింది. కాలిబాట పొడుగునా భర్త వెనకే నడిచి, కర్రలు ఒక వరసలో లేవంది. ఆయన సుత్తి తీసుకొచ్చారు. వెలుగున్నంత సేపూ ఆవిడ చూపించిన కర్రనల్లా పీకి, మళ్ళీ పాతారు.