ఢిల్లీలో బతికిన పోతయ్య

సీతాలు మొగుడు పోతయ్య డిసెంబరు నెలలో ఒక తెల్లారగట్ల, ఒడిశా తీరాన రుషికుల్య నది కలిసే మొగ దగ్గర సముద్రంలో పోయాడు. తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం గనక ఆ నెలల్లో వేట బందు. బందులో వేటకెళ్ళిన పడవని గస్తీ బోటు తరుముకొచ్చి అడ్డంగా గుద్దింది. పడవలో ఉన్నది ఇద్దరు. అప్పలరాజు ఈదుకుంటూ వచ్చి పొడంపేట ఒడ్డెక్కాడు. పోతయ్య ఎక్కలేదు. శవమైనా కొట్టుకు రాలేదు.

"తలకి దెబ్బ తగిలిందొదినా. నా కళ్ళెదరే ములిగిపోనాడు," అని ఆ పొద్దున్న అప్పలరాజు సీతాలు గుమ్మంలో కూలబడి ఏడిచాడు. మూడో రోజున గస్తీవాళ్ళు అతన్ని పిలిపించుకుని మాట్లాడారు. అప్పణ్ణించి ఎవరడిగినా ఒకటే మాట. "ఆ రోజు నాను పడవెక్కనేదు. జొరంతో ఇంటికాడే ఉన్నాను."

అత్త జగ్గమ్మకి ఆ మాట చాలు. శవాన్ని చూడకుండా కొడుకు పోయాడంటే ఆవిడ ఒప్పుకోదు. రెండు పూటలా పోతయ్య కంచంలో అన్నం తీసి మూత పెట్టేది. కోడల్ని బొట్టు చెరపనివ్వలేదు, గాజులు తీయనివ్వలేదు.

రెండు నెలలు గడిచాయి. పోతయ్య ఏమయ్యాడని అడిగిన నాథుడు లేడు. అప్పుడొచ్చాడు ప్రకాష్. పోతయ్యకి పినతల్లి కొడుకు, ఛత్రపురంలో ప్రతిపక్ష పార్టీ పనులు చూస్తుంటాడు.

"వదినా, మా ఎంపీ ధనేశ్వర్ బాబు మన పోతయ్యన్న సంగతి పార్లమెంటులో అడుగుతాడట. మంత్రి లేచి నిలబడి జవాబు సెప్పాల. నీ ఫోటో ఒకటి కావాల."

సీతాలు మొహం కడుక్కుని వచ్చి నిలబడింది. ప్రకాష్ ఫోన్లో చూసి తల అడ్డంగా ఊపాడు. "బొట్టెట్టుకుని ఉంటే ఎలాగ? సభలో సూపించాల గదా. మొగుడు పోయిన మనిషిలాగ కనబడాల."

"మీ పెద్దమ్మ ఒప్పుకోదు, ప్రకాషూ."

"ఒక్క ఫోటోకే గదా. మళ్ళీ బొట్టెట్టుకో, గాజులేసుకో." బరంపురంలో కొన్న తెల్లచీర సంచీలోంచి తీసి ఇచ్చాడు.

ఢిల్లీలో ఒక మనిషి లేచి, పోతయ్య ఏమయ్యాడని అడుగుతాడు. సీతాలు ఆ ఒక్క మాటకి లొంగింది. పెరట్లోకి వెళ్ళి చీర మార్చుకుంది. గాజులు చేతికి బిగుసుకుపోయి జారలేదు. రాయి తెచ్చి పగలగొట్టుకుంటే మణికట్టు తెగి నెత్తురొచ్చింది. తుడుచుకోబోతుంటే ప్రకాష్ వద్దన్నాడు. "ఉండనీ. అదీ పడాల."

ఎండుచేపలు తిరగేసి ఇంటికొచ్చిన జగ్గమ్మ కోడల్ని ఆ వేషంలో చూసింది. "నా కొడుకుని నువ్వే సంపీసినావే," అంటూ గంపతో కొట్టింది, చీపురుతో కొట్టింది, అలిసిపోయేదాకా కొట్టింది. ప్రకాష్ అడ్డం వెళ్ళలేదు. ఫోటో తీసుకున్నాడు.

మార్చిలో ఆ రోజు వచ్చింది. ఛత్రపురంలో పార్టీ ఆఫీసులో టీవీ ముందు సీతాల్ని కుర్చీ వేసి కూచోబెట్టారు. ఆర్యపల్లి నించి, పొడంపేట నించి జనం వచ్చారు. ధనేశ్వర్ బాబు మంచి మాటకారి. హిందీలో దంచుతుంటే ప్రకాష్ ఆమె చెవిలో చెప్పుకొచ్చాడు.

"తాబేలు ప్రాణం పాటి సెయ్యదా జాలరోడి ప్రాణం, అంటన్నాడు. ఇద్దరు పసిపిల్లల్తో ఈ ఆడమనిషి ఎక్కడికి పోవాల, అంటన్నాడు."

"నాకు కుమారి ఒక్కతే గదా."

"ఇద్దరంటే బాగుంతాదొదినా."

ధనేశ్వర్ బాబు ఫోటో పైకెత్తాడు. సభలో ఫోటోలు చూపించకూడదని పైనించి అధ్యక్షుడు మందలించాడు. టీవీవాళ్ళు అప్పటికే ఆ బొమ్మ మీద కెమెరా నిలిపారు. ఆ నెత్తుటి చేతిని దేశమంతా చూసింది.

మంత్రి తాపీగా లేచాడు. కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివాడు. ఆ తేదీన గస్తీ బోటు రేవు దాటలేదు. పడవలో ఉన్నాడంటున్న రెండో మనిషి తాను లేనని రాసిచ్చాడు. ఇక పోతయ్య అనే వ్యక్తి ఫోను, చనిపోయాడన్న తేదీకి పది రోజుల తరవాత నించి ఇవాళ్టి వరకూ విశాఖపట్నం చేపల రేవులో మోగుతూనే ఉంది. కాగితం మడిచి మంత్రి నవ్వాడు. "గౌరవ సభ్యుడు ఒక కాపురంలో గొడవని సభకి తెచ్చారు. పారిపోయిన మొగుళ్ళని వెతికిపెట్టే శాఖ నా దగ్గర లేదు."

సభ ఘొల్లుమంది. ధనేశ్వర్ బాబు పక్కన కూచున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆయన కూలబడి మంచినీళ్ళు తాగడం టీవీలో కనబడింది. ఆఫీసులో జనమంతా సీతాలు వైపు తిరిగారు.

"ఆ ఫోను మా తమ్ముడు పింటు కాడుంది," అంది సీతాలు. "వేటకెల్లినపుడు మా ఆయన ఇంట్లో ఒగ్గీసి ఎల్లినాడు. ఆడి ఫోను పాడయిందంటే నానే ఇచ్చినాను. రేవులో ఐసు మోస్తాడు ఆడు."

ప్రకాష్ బయటికెళ్ళి ఢిల్లీకి ఫోన్ చేసి, కాసేపటికి తిరిగొచ్చాడు.

"బాబు పరువు పోయిందొదినా. మళ్ళీ ఆ మాట ఎత్తితే, కనుక్కోకుండా అడిగినాడని ఇంకా నవ్వుతారు. నిన్ను నోరు మూసుకుని ఉండమన్నారు."

ఆటోలో సీతాలు ఒక్కతే ఊరికొచ్చింది. ఆమె కన్నా ముందే కబురొచ్చింది. జగ్గమ్మ తలంటుకుని, వీధిలో ఇంటింటికీ బెల్లం పంచుతోంది. మొగుడు బతికుండగా గాజులు పగలగొట్టుకున్న మనిషిని గుమ్మం తొక్కనివ్వనంది. సీతాలు ఫోను సంగతి చెప్పుకుంటే విని, నవ్వింది.

"ఢిల్లీలో, అంతమంది పెద్దోళ్ళ నడిమిన, మంత్రి అబద్దమాడతాడా? నువ్వాడతావు గానీ."

కుళాయి దగ్గర ఆడవాళ్ళు పోతయ్యకి విశాఖపట్నంలో ఒక పెళ్ళాన్ని కట్టారు. తరవాత ఇద్దరు పిల్లల్నిచ్చారు. నాలుగో తరగతి చదివే కుమారి బడి నించి వచ్చి, "అయ్యకి కొత్తమ్మ ఉందంట. మనకాడికి ఎందుకొస్తాడు?" అని తల్లినే అడిగింది. సీతాలు కూతుర్ని కొట్టింది. ఎప్పుడూ కొట్టి ఎరగదు. ఆ వారమంతా అత్తింటి వసారాలో, తలుపు అవతల, పిల్లని పక్కన వేసుకుని పడుకుంది.

పదిహేను రోజులకి ఏదో ఆఫీసు నించి ఇద్దరొచ్చారు. సీతాల్ని పక్కకి పొమ్మని, జగ్గమ్మని కుర్చీలో కూచోబెట్టి ఒడియాలో అడిగారు. కొడుకు బతికున్నాడా? బతికే ఉన్నాడు. నీకెలా తెలుసు? మంత్రిగారు చెప్పారు గదా. వచ్చినవాళ్ళలో రాసుకుంటున్నాయన ఆఖరి మాట వదిలేశాడు. జగ్గమ్మ సంతోషంగా వేలిముద్ర వేసింది.

ఏప్రిల్లో ఆవిడ కొడుకుని తీసుకొస్తానని విశాఖపట్నం బయల్దేరింది. అరవై దాటిన మనిషి, ఊరు దాటి ఎరగదు. కుమారిని పక్కింట్లో ఒప్పజెప్పి సీతాలు వెంట వెళ్ళింది. బరంపురంలో రైలెక్కారు. దారంతా జగ్గమ్మ కోడలికి ఎదురుగా కూచుంది గానీ ఒక్క మాట ఆడలేదు.

రేవులో పింటు ఎదురొచ్చాడు. జగ్గమ్మ దారినపోయే మనిషిని బతిమాలి కొడుకు నంబరు కొట్టించింది. పింటు జేబులో ఫోను మోగింది. అతను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇదే అత్తా. మా సీతాలప్ప ఇచ్చినాది. బావ ఇంక మనకి నేడు."

జగ్గమ్మ ఆ ఫోన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. ఇక ఇప్పుడు ఏడుస్తుంది, ఇద్దరం కలిసి ఏడుస్తాం, ఊరికెళ్ళి కర్మ చేసుకుంటాం అనుకుంది సీతాలు. ముసలిది పింటు చొక్కా పట్టుకుంది.

"అయితే ఆడు నీకు అగుపించినాడు. ఫోను నీ సేతికిచ్చినాడు. ఎక్కడ దాసినారు నా కొడుకుని? అప్పా తమ్ముడూ కలిసి ఏటి సేసినారు?"

మూడు రోజులు పడవ పడవకీ తిరిగారు. సీతాలు వెనకాలే నడిచింది. పోతయ్య లేడని తెలిసీ, అత్త అడిగిన ప్రతి పడవ దగ్గరా ఆగి జవాబు వింది. నాలుగో రోజున రైలెక్కమంటే జగ్గమ్మ రాలేదు. "నువ్వెల్లు. నాను ఆడితోటే వస్తాను," అంది. చెయ్యి పట్టుకు లాగితే కొరికింది. పింటుకి అప్పజెప్పి సీతాలు వచ్చేసింది. ముసలిది రేవులో చేపలు కడిగి, పెట్టింది తిని, వలలు కుట్టే షెడ్డు కింద పడుకుంటోందని తరవాత అతను ఫోన్లో చెప్పాడు.

వానాకాలంలో సభ మళ్ళీ కూడింది. ఛత్రపురం బజారులో చేపలు పెట్టుకు కూచున్న సీతాల్ని చూసి ప్రకాష్ తప్పుకోబోయాడు. ఆమె పిలిచింది. పిలిచాక దాచలేక ఫోన్లో కాగితం తీసి తెలుగులో చెప్పాడు. గస్తీ బోట్ల మీద ఎవరో ఇంకో సభ్యుడు అడిగిన దానికి మంత్రి ఇచ్చిన జవాబు అది. పోతయ్య సజీవుడని అతని తల్లి వేలిముద్రతో చెప్పింది. ఆవిడ ఇప్పుడు విశాఖపట్నం వెళ్ళి కొడుకు దగ్గరే ఉంటోంది. విషయం ముగిసింది.

"ధనేశ్వర్ బాబు సభలో నేడా?"

"ఉన్నాడు."

"ఏటన్నాడు?"

ప్రకాష్ చేపల వైపు చూశాడు. "నిజం తేల్సినందుకు మంత్రికి ధన్యవాదాలు సెప్పినాడొదినా."

సీతాలు ఈగల్ని తోలి, చేపల మీద నీళ్ళు చల్లింది. ప్రకాష్ వెనక ఒకావిడ సంచీ పట్టుకుని నిలబడి ఉంది.

"కొంటావా, ప్రకాషూ?" అంది సీతాలు. "కొనకపోతే పక్కకి జరుగు. బేరం పోతంది."