మన్ను చూడటం

మా మామయ్యను ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవరు. నాలుకాయన అంటారు. నోటి దురుసు వల్ల వచ్చిన పేరు కాదది, అలాగైతే ఆ పేరు నాకే రావాలి. ఆయన మన్ను రుచి చూసి చెబుతాడు. చేనులో జానెడు లోతు తవ్వి, వేళ్ళ మధ్య నలిపి, చిటికెడు నాలుక చివర పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. తుపుక్కున ఉమ్మేసి, "ఉప్పు తేలింది, ఈసారి చిక్కుడు వెయ్యకు" అనో, "పులిసింది, సున్నం చల్లు" అనో ఒక్క ముక్క చెబుతాడు. ఎక్కడెక్కడి నుంచో గుడ్డముక్కల్లో మన్ను మూటగట్టుకుని మా వాకిట్లోకి వచ్చేవాళ్ళు. ఈ పనికి మా ఇంట్లో ఒక మాటుంది. కూరలో ఉప్పు చూస్తాం కదా, అలాగే ఇది మన్ను చూడటం.

ఆ నాలుకతో నాకు రోజూ యుద్ధమే. ఆయన తొలి ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే నేను గుండె చిక్కబట్టుకుని నిలబడేదాన్ని.

"అమ్మాయ్, కూరలో ఉప్పు వేశావా?"

"వేశాను మామయ్యా."

"వేశావు సరే. చూశావా?"

నేను వంటింట్లోకి పోయి గిన్నెలు కుదేసేదాన్ని. మా ఆయన తలొంచుకుని తినేవాడు. తండ్రికీ పెళ్ళానికీ మధ్య నోరు మెదిపే రకం కాదాయన.

ఊరి చివర పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు ఒకటి ఉండేది. మూతబడి చాలా కాలమైంది. కూలిన గోడలూ తుప్పు పట్టిన రేకులూ మిగిలాయి. దాని వెనకగా మా చేలకు నీళ్ళొచ్చే కాలువ పోతుంది. నిరుడు ఎండాకాలం కాలువలో పూడిక తీసి, నల్లటి ఒండ్రుమట్టి గట్టు మీద గుట్టలుగా పోశారు. చేలల్లోకి తోలుకోవచ్చా అని అందరూ మామయ్య ముఖం చూశారు. ఆయన గుట్టలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, చిటికెడు తీసి చూశాడు.

"ఉప్పు లేదు, పులుపు లేదు. ఇంత మంచి మన్ను ఈ మధ్య నేను చూళ్ళేదు" అన్నాడు.

ఇంకేముంది, ట్రాక్టర్లు మాట్లాడుకుని ఎవరి చేనుకు వాళ్ళు తోలుకున్నారు. ఆ ఏడు మా పాలకూర ఒక్కో ఆకు అరచెయ్యంత వేసింది. మామయ్య మడుల మధ్య పెళ్ళికొడుకులా తిరిగాడు.

మా కూతుర్ని అందరం పిడుగు అంటాం. దానికి అయిదేళ్ళు. తాత చేనుకు బయలుదేరితే తోకలా వెనకాలే పోయేది. ఆయన గొంతుక్కూర్చుంటే తనూ కూర్చునేది, ఆయన కళ్ళు మూస్తే తనూ మూసేది. "నీ తర్వాత మన్ను ఎవరు చూస్తారు తాతా?" అని అడిగిందట ఓ రోజు. ఆ మాటకు ఆయన మంచులా కరిగిపోయాడు. అప్పటి నుంచి తన చిటికెడులో సగం దాని నాలుక మీద పెట్టడం మొదలుపెట్టాడు, ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఉమ్మడం మాత్రం పిల్లకు సరిగా చేతకాలేదు.

చలికాలం వచ్చేసరికి పిడుగు అన్నం చూస్తేనే ముఖం తిప్పేసుకుంటోంది. కడుపునొప్పంటూ ముడుచుకుని పడుకునేది. బుగ్గలు పాలిపోయాయి. గడగడా చెప్పే అంకెలు మధ్యలో మర్చిపోయి, నేనేదో దాచేసినట్టు నా మీద అరిచేది. నులిపురుగులన్నారు, మందు వేశాం. ఏం తేడా కనబడలేదు. చివరికి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ రక్తం తీయించింది. మళ్ళీ వెళ్ళినప్పుడు నన్ను కూర్చోమని నెమ్మదిగా చెప్పింది.

"పాప రక్తంలో సీసం ఉందమ్మా. చాలా ఎక్కువుంది. పిల్లల్లో ఇది మెదడు మీద పనిచేస్తుంది. ఎక్కణ్ణించి వస్తోందో ముందు పట్టుకోవాలి. ఇంట్లో గోడలకు పాత రంగు పెచ్చులూడుతోందా?"

"లేదండీ, మాది సున్నమే."

"పాప మన్ను తింటుందా?"

నాకు చర్రున కోపం వచ్చింది. పిల్లను పట్టించుకోకుండా గాలికొదిలేశానని అనుకుంటోందేమో. "ఛ, అలాంటి అలవాట్లేం లేవు!" అన్నాను. పిడుగు నా ఒళ్ళోంచి తల ఎత్తింది. "నేను తినను. చూస్తానంతే. తాతా నేనూ కలిసి చూస్తాం."

"చూస్తే ఏం కాదులే బంగారం" అని డాక్టరమ్మ దాని బుగ్గ నిమిరింది. నేనూ తలూపాను. మా ఇంటి మాట ఆవిడకెలా తెలుస్తుంది? తెలిసిన నాకు ఆ మాట ఎంత అరిగిపోయిందంటే, చెవిన పడినా వినబడలేదు.

ఆ సాయంత్రం పప్పు దించుతుంటే మా ఆయన గుమ్మంలోంచి, "ఉప్పు చూశావా?" అని అడిగాడు. మళ్ళీ నాన్న గొడవెందుకని పాపం ఆయన భయం. గరిటె నాలుక దగ్గరకు తెచ్చుకున్నాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. చూడటమంటే నోట్లో పెట్టుకోవడమే కదా! గరిటె పడేసి, చెప్పులైనా వేసుకోకుండా చేను దాకా పరిగెత్తాను.

గట్టు మీద ఇద్దరూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఆయన చిటికెడు పట్టిన చెయ్యి దాని పెదాల దగ్గరుంది. పెద్దవాడని కూడా చూడకుండా ఆ చేతి మీద ఒక్కటిచ్చాను.

నేల పరీక్షల ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి, మా చేనులోనూ ఒండ్రు తోలిన మిగతా చేలల్లోనూ మన్ను తీసి పట్టుకెళ్ళింది. ఫలితాలతో తిరిగొచ్చిన రోజు మా వాకిలి నిండిపోయింది.

"పై పొర నిండా సీసమే. షెడ్డు నుంచి కాలువలోకి దిగింది, ఒండ్రుతో మీ చేలకొచ్చింది" అందావిడ. "కాడ్మియం అని ఇంకోటి కూడా ఉంది. అది ఆకుల్లోకి ఎక్కుతుంది. ఆ ఆకుకూరలు మీరు తినకండి, గొడ్లకూ వెయ్యకండి."

"ఎన్నాళ్ళకు పోతుందమ్మా?" అన్నారెవరో.

"దానంతటది పోదండీ. కుళ్ళదు, ఎండకు ఎగిరిపోదు. పై మన్ను ఎత్తి తీయించాలి. అందాకా తిండి పంటలు వద్దు."

మామయ్య అరుగు మీంచి లేచాడు. "నా నాలుకకు తెలియకుండానా?" అంటూ ఆవిడ సంచిలోంచి చిటికెడు తీసి, మేం వారించేలోపే నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. అంతమందీ ఇంకా ఆయన నోటి వంకే చూస్తున్నారు. అది చూసి నా కడుపు మండిపోయింది.

"ఉప్పు లేదు, పులుపు లేదు" అన్నాడు. మంచి మన్ను అనే మాట మాత్రం పైకి రాలేదు.

"మీ నాలుక అబద్ధం చెప్పలేదు పెద్దాయనా. ఉప్పూ పులుపూ నిజంగానే లేవు. ఇది నాలుకకు దొరికేది కాదు" అందావిడ.

"మీకు నాలుక కావాలా మామయ్యా, మనవరాలు కావాలా?" అన్నాను నేను, అందరి ముందూ. అన్నందుకు ఇప్పటికీ బాధ లేదు. ఆయన తొట్టి దగ్గరకు వెళ్ళి చాలాసేపు నోరు పుక్కిలించుకున్నాడు.

మర్నాడు పాలకూరంతా తన చేత్తోనే పీకి, ఆఫీసు వాళ్ళు చూపించిన గోతిలో వేశాడు. తర్వాత ఒండ్రు తోలుకున్న ప్రతి ఇంటికీ వెళ్ళాడు. "నేను మంచిదన్నాను. కాదట. కూర కొయ్యకండి" అని చెప్పి వచ్చాడు. కొందరు నానా మాటలూ అన్నారు. పడ్డాడు.

పిడుగుకు మందులు మొదలయ్యాయి. రక్తంలో సీసం మెల్లగా తగ్గుతుందని, ఇప్పటికే జరిగిన నష్టం ఎంతో పిల్ల పెరుగుతుంటేనే తెలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఇక మీదట చిటికెడు మన్ను కూడా లోపలికి పోకూడదంది. పిల్ల వింటేగా! పూలకుండీ దగ్గర ఒకసారి, గేటు పక్కన ఒకసారి దొరికింది. తిట్టాను, రెండు దెబ్బలు కూడా వేశాను. "తాత చూస్తే మంచిది, నేను చూస్తే తప్పా?" అని ఎదురు తిరిగింది. వంటింటి తలుపు వేసుకుని ఏడ్చాను.

ఒక మధ్యాహ్నం వంటింటి కిటికీలోంచి చూద్దును కదా, గుప్పెట్లో మన్నుతో తాత ముందు నిలబడి ఉంది.

"తాతా, చూసి చెప్పు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని దాని అరచేతిలోకి తొంగి చూశాడు.

"అలా కాదు. నోట్లో పెట్టుకుని."

"పెట్టుకున్నా తెలియదు తల్లీ. తాత నాలుక చచ్చిపోయింది."

"ఎందుకు?"

"మన్ను చూసీ చూసీ. ఇప్పుడు ఏ రుచీ తెలియట్లేదు."

పిడుగు మన్ను పారబోసి, గౌను అంచుతో నాలుక గట్టిగా తుడుచుకుంది. "నాదీ చచ్చిపోతుందా?"

"ఇంకెప్పుడూ చూడకపోతే బతుకుతుంది" అన్నాడాయన. దాని చేతులు పట్టుకుని గోళ్ళ సందులు కూడా వదలకుండా సబ్బుతో కడిగాడు.

కానీ అది నా కూతురు, అంత తేలిగ్గా నమ్మే ఘటం కాదు. భోజనాల దగ్గర తాతకు ఎదురుగా కూర్చుని, కన్నార్పకుండా ఆయన ముఖమే చూస్తోంది. ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు, నమిలాడు, మింగాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. ఆ తర్వాత నేనూ ఒక ముద్ద తిన్నాను. కిటికీలోంచి వాళ్ళను చూస్తూ ఉండిపోయి, కూరలో ఉప్పే వేయలేదు.

ఉప్పు డబ్బా కోసం లేవబోయాను. వద్దన్నట్టు ఆయన కనుసైగ చేశాడు. రెండో ముద్ద కలుపుకున్నాడు.

"కూర ఎలా ఉంది తాతా?"

"ఏమో తల్లీ. నాకు తెలియట్లేదుగా."

పిడుగు కాసేపు ఆలోచించి, తన పళ్ళెంలో కూర కొంచెం తీసి నాలుక చివర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది, అచ్చం ఆయనలాగే. మరుక్షణం ఎగిరి గంతేసింది.

"అమ్మా, ఉప్పు లేదు! నాకు తెలుస్తోంది తాతా, నాది బతికే ఉంది!"

ఆయన నోట్లో ఉన్న చప్పటి ముద్ద మింగాడు.

"నీకు తెలుస్తోందిగా" అన్నాడు. "చాలు తల్లీ."