మా అక్క విన్న మాట

మా కొండ మీద స్పెసియోజ్‌కి పాల కొట్టు ఉండేది. కిగాలీ రోడ్డు మలుపు తిరిగే చోట, యూకలిప్టస్ చెట్ల పక్కన, మట్టి గోడల కొట్టు. కాచిన పాలు, తోడు పెట్టిన పాలు, ఉడికించిన చిలగడదుంపలు అమ్మేది. ఆమె తోడికోడలు దొనాతా రోజూ వచ్చి గుమ్మం పక్క బెంచీ మీద కూర్చుని, బీన్స్ ఏరుకుంటూ వచ్చేపోయేవాళ్ళని పలకరించేది. కొట్టు స్పెసియోజ్‌దే అయినా బేరం నడిచేది దొనాతా నోటి వల్లే. స్పెసియోజ్ అడిగినవాళ్ళకి పాలు పోసేది, తాగిన గ్లాసు కడిగి బోర్లించేది, అంతే.

ఇద్దరి భర్తలూ అన్నదమ్ములు. టుట్సీ తెగవాళ్ళ ఊచకోత మొదలైన ఆ ఏప్రిల్‌లో మేయరు సెబుహోరో తన ఆఫీసు ఆవరణలోకి వస్తే కాపాడతానని కబురు పెట్టాడు. కొండ మీది టుట్సీలందరూ చాపలు, గిన్నెలు, పిల్లలతో అక్కడికి వెళ్ళారు. ఇద్దరి భర్తలూ, స్పెసియోజ్ పిల్లలూ అక్కడే పోయారు. స్పెసియోజ్ శవాల కింద ఉండిపోయి బతికింది. దొనాతాని వెనక గుమ్మం దగ్గర ఒక పోలీసు పట్టుకుని తన ఇంట్లో పెట్టుకున్నాడు. యుద్ధం ఓడిపోయి వాడు సరిహద్దు దాటి పారిపోయేదాకా అక్కడే ఉంచాడు. ఆమె కూతురు క్లోదిన్ అప్పుడు అమ్మమ్మ ఊళ్ళో ఉండబట్టి మిగిలింది.

సెబుహోరో కూడా పారిపోయాడు. ఎక్కడో పడమటి ఆఫ్రికాలో పేరు మార్చుకుని బడిపంతులుగా ఉంటుంటే, కొన్నేళ్ళకి ఆ దేశపు పోలీసులు పట్టుకుని, ఈ హత్యల విచారణకి టాంజానియాలోని అరుషాలో పెట్టిన అంతర్జాతీయ కోర్టుకి అప్పగించారు. రేడియోలో విన్నాం.

"ఆ దేశం వాళ్ళకి మనమెవరమే?" అంది దొనాతా. "అయినా పట్టిచ్చారు. ఆ పోలీసులెవరో వస్తే ఒక చెంబుడు పాలు ఊరికే పొయ్యి."

స్పెసియోజ్ సరేనంది.

కోర్టు తరఫున జుస్తీన్ అనే అమ్మాయి కిగాలీ నుంచి వచ్చింది. చాలాసార్లు వచ్చింది. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగింది, రాసుకుంది. స్పెసియోజ్ ఆవరణ లోపల ఉంది. సెబుహోరో తెల్ల బండిలో రావడం, దిగడం, వెనక గుమ్మం వైపు నడిచి వెళ్ళడం చూసింది. కిటికీలోంచి ఆయన నోరు కదలడం చూసింది. మాట వినపడలేదు. దొనాతా వెనక గుమ్మం దగ్గర ఉంది. ఆయన పోలీసులతో ఏమన్నాడో ఆమె విన్నది. "పిల్లల్ని కూడా వదలొద్దు, రేపు వీళ్ళే తిరిగొస్తారు" అన్నాడు. ఆ మాట విని బతికున్న మనిషి ఆమె ఒక్కతే.

కోర్టులో పేర్లు బయటికి రావనీ, తెర వెనక కూర్చోబెడతారనీ, పేరుకి బదులు ఒక్కొక్కరికి ఒక్కో అక్షరం పెడతారనీ జుస్తీన్ చెప్పింది.

"నాకు చదువే రాదు తల్లీ," అంది దొనాతా. "బడి మొహం చూడని దానికి అక్షరం పెట్టారా. మా నాన్న వింటే సంతోషించేవాడు."

జుస్తీన్ నవ్వాలా వద్దా అన్నట్టు స్పెసియోజ్ వైపు చూసింది. స్పెసియోజ్ గ్లాసులు కడుగుతోంది.

జూన్‌లో ప్రయాణం కుదిరింది. దొనాతా గులాబీ రంగు గుడ్డ ఒకటి ఇస్త్రీ చేయించుకుంది. అప్పటికే ఆమెకి ఒంట్లో బాగుండటం లేదు. నోట్లో పుళ్ళు, రాత్రిళ్ళు చెమటలు. ఆ జబ్బేనని ఆస్పత్రిలో చెప్పారు. ఆ పోలీసు ఇంట్లోంచే తెచ్చుకున్న జబ్బు. అయినా విమానం అనగానే ఆమెకి హుషారు వచ్చింది. కిటికీ పక్కన తను కూర్చుంటాననీ, స్పెసియోజ్‌ని కళ్ళు మూసుకోమనీ దారంతా చెబుతూనే ఉంది.

కిగాలీ విమానాశ్రయంలో అద్దాల గదిలో ఉన్న అధికారి వాళ్ళ కాగితాలు చూసి పక్కన పెట్టాడు.

"ఇవి చాలవమ్మా. సాక్షులకి కొత్త పత్రాలు కావాలి. నిన్నటి నుంచీ కొత్త నిబంధన."

"నిన్నటి దాకా ఇవే కదండీ," అంది జుస్తీన్.

"నిన్నటి దాకా. ఇవ్వాళ కాదు. నన్నేం చెయ్యమంటారు చెప్పండి, పైనుంచి వచ్చింది."

జుస్తీన్ పక్కకి వెళ్ళి ఫోన్లు చేసింది. ఒకరి తర్వాత ఒకరికి చేసింది. దొనాతా ఆ అధికారి వైపు కాసేపు చూసి, గొంతు పెంచకుండా అంది.

"నాయనా, చంపడానికి వచ్చినవాళ్ళూ ముందు తెగ రాసున్న కార్డే అడిగారు. అది చెప్పడానికి వెళ్తుంటే నువ్వూ కార్డే అడుగుతున్నావు."

ఆ అబ్బాయి తల దించుకున్నాడు. "నేనూ మీ మనిషినేనమ్మా. నా వాళ్ళూ పోయారు. కానీ పంపలేను."

విమానం వెళ్ళిపోయింది. వాళ్ళు బస్సులో తిరిగొచ్చారు. దారిలో దొనాతాకి వాంతులయ్యాయి. స్పెసియోజ్ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కొండలు చూస్తూ కూర్చుంది. కోపం రావాలి కదా అనుకుందట. రాలేదు.

ప్రభుత్వానికీ కోర్టుకీ చెడిందని తర్వాత తెలిసింది. మన సాక్షుల్ని ఆ కోర్టులో ఎగతాళి చేస్తున్నారని ప్రభుత్వం వాళ్ళు రేడియోలో అన్నారు. యుద్ధం గెలిచి ఇప్పుడు ప్రభుత్వం నడుపుతున్న సైన్యం చేసిన హత్యల్ని కూడా విచారిస్తామన్నామనే ప్రభుత్వం సాక్షుల్ని ఆపేసిందని కోర్టు వైపు వాళ్ళు అన్నారు. కొట్టు దగ్గర మగవాళ్ళు పాలు తాగుతూ రెండూ విన్నారు. ఎవరూ ఏ పక్షం మాట్లాడలేదు. మా దగ్గర ఇలాంటి వాటి మీద పైకి మాట్లాడరు.

కానీ ఇద్దరూ ఎక్కడికి బయల్దేరారో, ఎందుకు తిరిగొచ్చారో కొండంతా తెలిసిపోయింది. అరటి కల్లు అమ్మే ఫౌస్తాన్ ఒకరోజు రోడ్డు మీద నుంచే పలకరించాడు.

"ఏమ్మా దొనాతా, అప్పుడే దిగొచ్చారా ఆకాశం నుంచి?"

"నీ కల్లు వాసన అక్కడి దాకా కొట్టింది, ఉండలేకపోయాం," అంది దొనాతా.

అతను నవ్వి వెళ్ళిపోయాడు. నవ్వని వాళ్ళూ ఉన్నారు. సెబుహోరో బంధువులు మా కొండ మీదే ఉంటారు. ఒక ఉదయం కొట్టు తెరిచేసరికి పాలు పోసే సొరబుర్రలన్నీ పగిలి ఉన్నాయి. స్పెసియోజ్ ముక్కలు ఏరి బయట పోసింది, నేల కడిగింది, బజారుకి వెళ్ళి కొత్తవి తెచ్చుకుని పాలు చెడకుండా లోపల పొగ పెట్టింది. ఎవరు చేశారని ఎవరినీ అడగలేదు. దొనాతాయే ఆ వారమంతా తిట్టింది, ఇద్దరి తరఫునా.

వానలు మొదలయ్యేసరికి దొనాతా మంచం పట్టింది. జుస్తీన్ చూడటానికి వచ్చింది. ఈసారి కాగితాలేమీ తేలేదు, నారింజ పళ్ళు తెచ్చింది.

"ఇంకా తేలలేదమ్మా," అంది. "మాట్లాడుకుంటున్నారు."

"మాట్లాడుకోనీ," అంది దొనాతా. "నేనొకటి విన్నాను, నిజమేనా చెప్పు. అరుషా జైల్లో ఈ జబ్బున్న వాళ్ళకి మంచి మందులిస్తారట?"

"నిజమే," అంది జుస్తీన్.

"మాకు?"

"మీకు... కోర్టుకి వచ్చిన సాక్షులకి కొంత ఉంటుంది. తర్వాత సంగతి నాకు తెలీదమ్మా."

"అయితే నన్నూ జైల్లో పెట్టమని చెప్పు. ఒప్పుకుంటాను. ఏం చేశానంటే అది చేశానంటాను."

జుస్తీన్ ఏడ్చింది. ఆ పిల్ల వీపు దొనాతాయే నిమిరింది.

ఆమె వెళ్ళాక దొనాతా తోడికోడల్ని దగ్గరికి పిలిచింది. ఆ మాటలు క్లోదిన్ కూడా గుమ్మంలో నిలబడి విన్నది.

"స్పెసియో, నేను పోతాను. నువ్వు మాత్రం వెళ్ళాలి."

"వెళ్తాను అక్కా."

"ఆయన అన్న మాట నువ్వు విన్నానని చెప్పు. నేను విన్నా నువ్వు విన్నా ఒకటే కదే. ఇద్దరం ఒక ఇంటి కోడళ్ళం."

స్పెసియోజ్ దుప్పటి సర్దింది. అవుననీ కాదనీ అనలేదు. దొనాతా దాన్నే అవునని తీసుకుంది.

ఆమె ఆ వానల్లోనే పోయింది. కొండంతా వచ్చింది, ఫౌస్తాన్ కూడా. సెబుహోరో వాళ్ళు రాలేదు. క్లోదిన్ గట్టిగా ఏడ్చింది. స్పెసియోజ్ వచ్చినవాళ్ళకి జొన్న జావ పోసింది, అందరికీ అందిందో లేదో చూసుకుంది. బెంచీని లోపల పెట్టేసి మర్నాటి నుంచి కొట్టు తెరిచింది. బేరం సగానికి పడిపోయింది.

ప్రభుత్వానికీ కోర్టుకీ మళ్ళీ కుదిరింది. ఎవరు ఎవరి మాట విన్నారో మాకు తెలీదు. కొత్త పత్రాలు వచ్చాయి, జుస్తీన్ వచ్చింది, స్పెసియోజ్ ఒక్కతే విమానం ఎక్కింది. కిటికీ పక్కనే సీటిచ్చారు. మబ్బులు చూశావా అని తర్వాత మేం అడిగితే, చూశాను, తెల్లగా ఉన్నాయి అంది.

అరుషాలో సాక్షుల ఇంట్లో ఉంచారు. పెద్ద మంచం, టీవీ, మూడు పూటలా భోజనం. మాంసం పెట్టేవాళ్ళు. ఆమె అంతా తినేది. రుచి గురించి అడిగితే ఏమీ చెప్పలేకపోయింది.

కోర్టులో తెర కట్టారు కానీ అది చూడటానికి వచ్చే జనానికే. సెబుహోరో ఎదురుగానే ఉన్నాడు. ఒళ్ళు చేశాడు, కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, ఏదో రాసుకుంటున్నాడు. ఆయన్ని చూస్తే భయం వేస్తుందని ఇన్నేళ్ళూ అనుకుంది. వేయలేదు. బస్సులో ఎదుటి సీట్లో కూర్చున్న ఎవరో ముసలాయనలా అనిపించాడు.

నేరం రుజువు చేయాల్సిన కోర్టు తరఫు వకీలు ముందు అడిగాడు. బండి, తలుపు, కిటికీ, అన్నీ చెప్పింది. పిల్లల పేర్లు అడిగితే పెద్దవాడి నుంచి చిన్నదాని దాకా వరసగా చెప్పింది. చెవుల్లో పెట్టుకున్న యంత్రంలోంచి తన మాటలే ఇంకెవరి గొంతుతోనో ఇంకో భాషలోకి వెళ్తున్నట్టు వినిపించింది.

తర్వాత సెబుహోరో వకీలు లేచాడు. మర్యాదస్థుడు. అమ్మా అంటూనే మొదలుపెట్టాడు.

"మీరు కిటికీ దగ్గర ఉన్నారు. మేయరు గారు వెనక గుమ్మం వైపు ఉన్నారు. మధ్య జనం, గోల. అవునా?"

"అవును."

"ఆయన పోలీసులతో ఏమన్నారో మీ చెవులతో మీరు విన్నారా?"

కోర్టు తరఫు వకీలు తల ఎత్తాడు. దొనాతా అడిగిన మాట స్పెసియోజ్‌కి గుర్తుంది. ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా నోటికి వచ్చు. విన్నాను అనడానికి ఎంతోసేపు పట్టదు.

"వినలేదు," అంది. "మా అక్క విన్నది."

"మీ అక్క ఎక్కడున్నారు?"

"చనిపోయింది. పోయిన ఏడాది రావాల్సింది. విమానం దాకా వచ్చింది."

వకీలు తల ఊపి, ఇంక అడిగేదేమీ లేదని కూర్చున్నాడు. సెబుహోరో రాయడం ఆపలేదు.

ఇంటికొచ్చాక క్లోదిన్ ఆమె చెప్పిందంతా విన్నది. అప్పటికి ఆ పిల్ల గుడ్డలు కుట్టడం నేర్చుకుంటోంది.

"అమ్మ అడిగింది కదా పిన్నీ. ఒక్క మాట."

"అడిగింది."

"మరి ఎందుకనలేదు?"

"వినలేదు కాబట్టి."

"ఆయన్ని కాపాడి పుణ్యం కట్టుకున్నావు." క్లోదిన్ గొంతు పెంచలేదు. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొట్టు ముందు నుంచే నడిచేది, తల తిప్పేది కాదు.

తీర్పు రావడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. వచ్చిన రోజు రేడియోలో సెబుహోరో పేరు విని జనం కొట్టు దగ్గర గుమిగూడారు. పక్క కొండ మీద చర్చి దగ్గర జరిగిన హత్యలకి ఆయనకి పెద్ద శిక్ష పడింది. అక్కడ సాక్షులు చాలామంది ఉన్నారు. మా మేయరు ఆఫీసు విషయం మాత్రం రుజువు కాలేదన్నారు.

"ఎలాగూ బయటికి రాడు కదా," అన్నాడు ఫౌస్తాన్. "ఏ కొండ లెక్కలో అయితేనేం."

స్పెసియోజ్ అతని గ్లాసు నింపింది.

జుస్తీన్ స్వయంగా వచ్చి వివరంగా చెప్పింది. దొనాతా చెప్పగా రాసుకున్నదాన్ని జడ్జీలు చదివారట. కానీ మనిషి లేకపోతే ఎదుటి వకీలు ప్రశ్నలు వేయలేడు కాబట్టి, దాని ఒక్కదాని మీదే శిక్ష వేయలేమన్నారట.

"ఆ జూన్‌లో వెళ్ళుంటే?" అని అడిగింది స్పెసియోజ్.

"వెళ్ళుంటే వేరేగా ఉండేదేమో." అంది జుస్తీన్. "మీరు విన్నానని చెప్పుంటే ఏమయ్యేదని ఎప్పుడైనా అనిపించిందా అమ్మా? నేనడగకూడదు."

"అనిపించింది."

"వినలేదని చెప్పినందుకు బాధగా ఉందా?"

స్పెసియోజ్ నిజంగానే ఆలోచించింది. ఏదైనా దొరుకుతుందేమోనని లోపల వెతుక్కున్నట్టు కనిపించింది.

"లేదు," అంది. "విన్నానని చెప్పున్నా ఉండేది కాదేమో. నాకు తెలీదమ్మాయి. అక్క మాట అక్కదే. అది నేను విన్నానంటే, ఇంక అక్క అక్కడ లేనట్టే కదా."

జుస్తీన్ పాలు తాగి బయల్దేరింది. మళ్ళీ మా కొండకి రాలేదు. ఇంకో దేశంలో ఇలాంటి కోర్టుకే పనిచేస్తోందని విన్నాం.

ఆ ఎండాకాలంలో క్లోదిన్‌కి పెళ్ళి కుదిరింది. అబ్బాయి తరఫువాళ్ళు కన్యాశుల్కంగా ఆవుని తోలుకొచ్చే రోజున ఆడపిల్ల వైపు పెద్దదిక్కు ఒకరు ఉండాలి. ఎవరున్నారు మరి. క్లోదిన్ పొద్దున్నే కొట్టు దగ్గరికి వచ్చి గుమ్మం బయట నిలబడింది.

"పిన్నీ, నువ్వు కూర్చోవాలి."

"సరే," అంది స్పెసియోజ్. "ఎన్నింటికి?"

కోర్టు సంగతి ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు. పెళ్ళిలో స్పెసియోజ్ తల్లి కూర్చోవాల్సిన చోట కూర్చుంది. ఆవు బాగుందా అని పెద్దలు అడిగితే బాగుందని చెప్పింది. పాటలు మొదలయ్యాక ఆడవాళ్ళు చెయ్యి పట్టి లేపితే లేచింది. రెండు చేతులూ ఆవు కొమ్ముల్లా పైకెత్తి, ఒక్క అడుగు కూడా తప్పకుండా ఆడింది. ఇన్నాళ్ళకి మనసు కుదుటపడిందని మావాళ్ళు అనుకున్నారు. పాట అయిపోయింది. ఆమె తన చాప మీదికి వచ్చి కూర్చుని, పెట్టిన అన్నం తినడం మొదలుపెట్టింది.