ఎవరు ఎత్తుకుంటారు?

పియానోకి బటన్ లేదు.

సువార్త కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, సిగ్గు విడిచి వంగి కిందికి కూడా చూసింది. కింద రెండు ఇత్తడి పెడళ్లున్నాయి గానీ శ్రుతి మార్చే బటన్ ఎక్కడా లేదు. నలుగురు మోస్తే గానీ కదలని ఇంత పెద్ద పెట్టెకు ఆ చిన్న బటన్ ఎందుకు పెట్టలేదో ఆమెకు ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు.

వజ్రకరూరు దగ్గర వాళ్ల ఊరి చర్చిలో కీబోర్డు వాయించేది సువార్తే. పాట ఎత్తుకునేది మాత్రం చౌడమ్మవ్వ. అవ్వ ఏ శ్రుతిలో ఎత్తుకుంటుందో అవ్వకే తెలియదు. జలుబు చేస్తే ఒకటి, పొద్దంతా చెనక్కాయలు వలిచి అలిసిపోతే ఇంకొకటి. అవ్వ గొంతు లేవగానే సువార్త దాన్ని పట్టుకుని, బటన్ నొక్కి కీబోర్డును ఆ శ్రుతికి తెచ్చి, ఎప్పుడూ నొక్కే ఆ తెల్ల మెట్లే నొక్కుతుంది. పాట అతికినట్టు సరిపోతుంది. యాడ ఎత్తుకున్నా పట్టేస్తుందని ఊరంతా మెచ్చుకున్నారు. మెచ్చుకుంటే ఎవరు కాదంటారు? సంగీతమంటే ఇదేననుకుంది పాపం.

ఇప్పుడు ఆమె కూర్చున్నది అనంతపురంలో ఒక పాత చర్చి హాల్లో. హెలెన్ మేడం విదేశాల్లో పియానో కచేరీలు చేసిన మనిషి, ఇప్పుడు బెంగళూరులో నేర్పుతోంది. ఇక్కడికి వచ్చిన పిల్లలు ఒక్కొక్కరే అందరి ముందు వాయించాలి, మేడం అందరి ముందే దిద్దుతుంది. చివరికి ఒకరిని ఎంచుకుని, తన ఇంట్లో ఉంచుకుని నేర్పుతుంది. ఆ ఒక్కరు తానే కావాలని సువార్తకు చెప్పలేనంత ఆశ. కాకపోతే సోమవారం నుంచి బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టాలి. నాయన యేసన్న అక్కడ మాట ఇచ్చేసి వచ్చాడు. ఆ నాయనే ఇవాళ కూలి మానుకుని తోడు వచ్చి, హాలు చివర బెంచీ మీద ఒదిగి కూర్చున్నాడు.

ఆమె కంటే ముందు నందిని అనే టౌను అమ్మాయి వాయించింది. పుస్తకం చూస్తూ చకచకా, ఒక్క తప్పు లేకుండా. మేడం అంతా విని, "బాగుంది. కానీ ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?" అంది. నందిని తల ఊపింది. సువార్తకు మాత్రం తల తిరిగింది. తప్పు లేకుండా వాయించిన పిల్లనే ఇట్లా అడిగితే, తన గతేమిటి?

"మొదలుపెట్టమ్మా," అంది మేడం.

సువార్త చేతులు మెట్ల మీద పెట్టి ఆగింది. హాలు చూస్తోంది. సువార్త కూడా హాలు వైపే చూస్తోంది.

"ఎవరు ఎత్తుకుంటారు మేడం?"

"ఏమిటి ఎత్తుకోవడం?"

"పాట మేడం. ఎవరన్నా ఎత్తుకుంటే కదా నేను వాయించేది."

హాలు గొల్లుమంది. మేడం నవ్వలేదు. "ఇక్కడ పాడేవాళ్లు ఎవరూ ఉండరు. నువ్వే."

చెవులు కాలిపోతుండగా సువార్త మొదలుపెట్టింది. తెలిసిన పాటే. మొదటి చరణం చివర చేతులు ఆగాయి. రెండో చరణం చివరా ఆగాయి.

"అక్కడ ఎందుకు ఆగుతున్నావు?"

"అవ్వ రావల్ల మేడం. ఆడ ఆయమ్మకు ఊపిరి అందదు."

"అవ్వ ఎక్కడుంది?"

"మా ఊర్లో."

మేడం ఒక నల్ల మెట్టు మీద వేలు పెట్టి, "ఇదే పాట ఇక్కడి నుంచి వాయించు," అంది. సువార్త వేళ్లు పాత దారిలోనే పోయాయి. పాట కుంటింది, విరిగింది, ఆగిపోయింది. కళ్లు మసకబారాయి. కాజాలే కుట్టుకోవాలి ఇంక అనుకుంది.

అప్పుడు వెనక నుంచి యేసన్న లేచాడు. "నేను ఎత్తుకుంటా మేడం, ఏమనుకోవద్దండి," అని, మేడం ఊ అనకముందే ఎత్తుకున్నాడు. ఎంత గట్టిగానంటే కిటికీలో పావురాలు లేచిపోయాయి. ఆ శ్రుతి తెల్ల మెట్లలో ఇమిడేది కాదు. బటన్ లేదు. సువార్త కళ్లు మూసుకుంది. ఒక వేలితో వెతికింది, తప్పింది, మళ్లీ వెతికింది, నల్ల మెట్టు తగిలింది. అక్కడి నుంచి నాయన గొంతు ఎటు పోతే అటు, తెలియని మెట్ల మీద తడుముకుంటూ, పాట చివరి దాకా పోయింది.

"నీకు వేళ్లు తిరగవు," అంది మేడం. "అది నేను నేర్పగలను. ఈ చెవిని నేను ఎవరికీ ఇవ్వలేను. సోమవారం బెంగళూరు రా. కానీ ఒక ఏడాది ఎవరి పాట వెనకా వాయించకూడదు. చర్చిలో కూడా. ఎవరి కోసమూ ఆగకుండా వాయించడం నీకు రావాలి."

ఊరికి పోయే బస్సులో యేసన్న చాలాసేపు ఓర్చుకుని అడిగాడు. "ఏమంటాండాది ఆయమ్మ? నిన్ను తీసుకున్నట్టా, లేనట్టా?"

"తీసుకున్నట్టే నాయనా."

"మరి ఏంటికి ఏడుస్తాండావు?"

"తెలీదు నాయనా."

నిజంగానే తెలియదు. కోరుకున్నది చేతికొచ్చింది. కానీ అవ్వ కోసం ఆగడం తప్పని ఆమెకు ఏనాడూ తోచలేదు. అది తప్పయితే, ఇన్నేళ్లు తాను వాయించింది ఏమిటి? పాడే మనిషి లేని పాట ఎవరికోసం? మేడంను అడగాల్సింది.

మరుసటి రోజు ఆదివారం. చర్చి నిండింది. యేసన్న కడుపులో మాట దాచుకునే రకం కాదు, మేడం పెట్టిన షరతుతో సహా అవ్వకు చెప్పేశాడు. సువార్త కీబోర్డు ముందు కూర్చుని, ఎప్పటిలాగే అవ్వ గొంతు కోసం చూసింది. ముందు వరసలో చౌడమ్మవ్వ నోరు మూసుకుని కూర్చుంది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాట లేవడం లేదు.

"ఎత్తుకో అవ్వా," అంది సువార్త మెల్లగా.

"నువ్వు ఎత్తుకో పాప. ఈపొద్దు నేను నీ యెనకాల వస్తా."

సువార్త చెయ్యి బటన్ దగ్గరికి పోయింది. ఎన్నిసార్లు నొక్కాలో తెలియలేదు, ఎవరూ శ్రుతి ఇవ్వలేదు కదా. చెయ్యి వెనక్కి తీసుకుని తనకు తోచిన చోట మొదలుపెట్టింది. అవ్వ అందుకుంది, వెనకాలే జనమంతా అందుకున్నారు. చరణం చివర అవ్వకు ఊపిరి తెగింది. సువార్త చేతులు అలవాటుగా ఆగిపోయాయి.

అవ్వ ఆయాసపడుతూనే చెయ్యి విసిరింది. "నాకోసం నిలబడాకు పాప. నువ్వు పో."

సువార్తకు ఏడుపు ముంచుకొచ్చింది. మెట్లు కనబడలేదు. అయినా ఆగకుండా పోయింది. వెనకాల, సగం చరణం ఆలస్యంగా, అవ్వ గొంతు వస్తూనే ఉంది.