దుబ్బు నడుమ దొరికినవి

గడ్డి దుబ్బు నడుమ, ఎండాకుల కింద, మామగారి గుండె మాత్రలు దోసెడు పడి ఉన్నాయి.

కోడలి చేతిలోని పెద్ద కత్తెర జారి కింద పడింది. చేతి తొడుగు విప్పి ఒక మాత్ర తీసి చూసింది. పసుపు రంగు, మధ్యలో గీత. సందేహం లేదు, అవే. అడుగున ఉన్నవి మంచుకి ఉబ్బి ఒకదానికొకటి అతుక్కున్నాయి. పైనున్నవి ఇంకా నున్నగా మెరుస్తున్నాయి. అంటే నిన్నా మొన్నా పడినవి.

రేపు పొద్దున్నే మామగారికి ఆపరేషన్. ఎన్నాళ్ళు మందు వాడినా దడ తగ్గలేదు. మొన్న మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయారు కూడా. "ఇంత మందుకీ లొంగలేదంటే ఇక కోయక తప్పదు" అన్నాడు డాక్టరు.

ఆ మందు అసలు లోపలికే వెళ్ళలేదు!

పెరటి గోడ వారగా ఆమె అందం కోసం పెంచే గడ్డి దుబ్బులు వరసగా ఉన్నాయి. మనిషెత్తు పెరిగి, చలికాలానికి గోధుమ రంగుకి తిరిగి, తలల మీద ఈకల్లాంటి వెండి కంకులతో నిలబడతాయి. ఎండిపోయాయి కదా అని ఎవరైనా చెయ్యి వేస్తే ఆమె ఊరుకోదు. ఆ ఎండాకులే మొదళ్ళకి దుప్పటి. చలి తగ్గాక, కొత్త పిలకలు తొంగిచూసే ముందు, ఏడాదికి ఒక్కసారే కోత. దుబ్బు నడుముకి తాడు బిగించి, జానెడు మొదలు వదిలి కోసేస్తుంది. ఇవాళ ఆ పనికే దిగింది. అన్నిటికంటే పాత దుబ్బుకి నడిమి భాగం చచ్చి గుల్లయింది. చుట్టూ ఉన్న అంచుకే ప్రాణం ఉంది. దాన్ని తవ్వి, విడదీసి, మళ్ళీ నాటాలనుకుంది. మాత్రలు ఆ గుల్లలోనే ఉన్నాయి.

మాత్ర ఇచ్చేది ఎవరు? రోజూ పొద్దున బల్ల దగ్గర, స్వయంగా ఆమె భర్త. వారం రోజులుగా "ఆపరేషన్ చేయించేద్దాం, పీడా పోతుంది" అని తొందరపెట్టిందీ అతనే.

ఆమె మాత్రలన్నీ దోసిట్లోకి తీసుకుంది.

"ఏవండీ! ఒకసారి ఇటు రండి!"

గడ్డానికి సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చాడు భర్త. "ఏమైంది? పామా?"

"పామైనా బాగుండేది." ఆమె దోసిలి చాపింది. "ఇవేంటి?"

నురగ కంటే తెల్లగా పాలిపోయింది అతని ముఖం. "నాన్న మాత్రలు! ఇక్కడికెలా వచ్చాయి?"

"నేనడగాల్సింది మీరడుగుతారేం? ఇచ్చేది మీరు కదా!"

"అంటే? నేను పారేశాననా? కన్నతండ్రి మందు? రోజూ చేతిలో పెడతాను. నోటి దగ్గరికి తీసుకెళ్తాడు. గ్లాసెడు నీళ్ళు గటగటా తాగుతాడు. నేను బూట్లు వేసుకుంటూ, మింగావా అని అడుగుతాను. నేనేమైనా పసిపిల్లాడినా అని కసురుతాడు. అంతే..."

"అంటే, మింగడం మీరు చూడలేదు."

ఇద్దరి చూపులూ ఒకేసారి దుబ్బు పక్కనున్న పేము కుర్చీ మీద పడ్డాయి. ఫలహారం అయ్యాక మామగారు ఎండెక్కేదాకా కూర్చునేది అందులోనే. దాన్ని అక్కడే వేయమని పట్టుబట్టిందీ ఆయనే.

"అమ్మాయ్! కోసేశావేంటి?"

మామగారు గుమ్మంలో కొయ్యబారి నిలబడి ఉన్నారు. ముసలితనం వచ్చేదాకా ఇల్లిల్లూ తిరిగి పియానోలు శ్రుతి చేసిన మనిషి. కొడుకు దగ్గరికి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు.

"ఏటా కోస్తాను మామయ్యా."

"ఏటానా?" ఆయన గోడ పట్టుకున్నారు. "నాకెవరూ చెప్పలేదే!"

"నాన్నా, రేపు నీ గుండె కోసేవాళ్ళు! తెలుస్తోందా నీకు?" కొడుకు గొంతు చించుకున్నాడు. "ఎందుకు చేశావీ పని?"

మామగారు వచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"అరవకురా, చెవులు బాగానే వినిపిస్తున్నాయి. వాటి కోసమేగా ఇదంతా. పారేసింది నేనే. నువ్వు బూట్ల మీదికి వంగుతావు చూడు, అప్పుడు మాత్ర నా అరచేతిలోనే ఉంటుంది. మొదట్లో బుద్ధిగానే మింగాను. గుండె కుదురుకుంది, కాదనను. కానీ చెవుల్లో గుయ్యిమని ఒకటే మోత. తీగ వెంట్రుకవాసి సడలినా పట్టేసిన చెవులురా ఇవి. ఈ గడ్డి పక్కన కూర్చుంటే ఆకులు ఊగడం కనిపించేది, చప్పుడు మాత్రం లేదు. మాత్ర మానేశాక ఒక పొద్దున గలగలమని వినిపించింది. ఏడ్చేశాను. డాక్టరుకి చెబితే చెవులకింకో మాత్ర రాస్తాడు, ఆయన సంగతి నాకు తెలీదా? ఆపరేషనంటే భయం లేకేం! అయినా నిజం చెబితే మళ్ళీ ఆ పసుపుదే మింగిస్తారని, కోస్తే కోయనీ అనుకున్నాను. ఇప్పుడు ఫోన్ చెయ్యి, అన్నీ చెప్పేయ్. అది తప్ప ఏది ఇచ్చినా మీ ఎదురుగానే మింగుతాను. అమ్మాయ్, నువ్వు ఈ దుబ్బుల మీద ఈగని కూడా వాలనివ్వవు కదా... ఇంతకంటే భద్రమైన చోటు ఇంట్లో ఇంకెక్కడుందనుకున్నాను."