బాలింత గదిలో బుడ్డి

"నాయినా! మంట!"

లోపలినుంచి బాలింత కూతురు పిల్లమ్మ వేసిన కేకకు, అంకప్ప మాటు వేసి అతుకుతున్న కిరసనాయిలు బుడ్డిని వదిలేసి పరుగెత్తాడు. చాప అంచు మండుతోంది. గదిలో వెలుగుతున్న బుడ్డి ఒరిగి, దానిలోని కిరసనాయిలు పసిబిడ్డ పడుకున్న చేట వైపు పారుతోంది. భార్య అంగాళమ్మ తడి గోనె తెచ్చి మంటమీద కప్పింది. పొగకు ఉక్కిరిబిక్కిరై ఏడ్చిందే గాని బిడ్డకు ఏమీ కాలేదు. పిల్లమ్మ మాత్రం బిడ్డను గుండెకు అదుముకుని గోడకు కరుచుకుపోయింది. 

ఒరిగిన ఆ బుడ్డీ అంకప్ప చేసిందే. వాళ్ళ ఊరు బేరిగై చుట్టుపక్కల ఇళ్ళలో వెలిగేవన్నీ అతను చేసినవే. పాత నూనె డబ్బాల రేకు కత్తిరించి, పొడుగు మెడ, రూపాయి బిళ్ళంత అడుగు పెట్టి చేస్తాడు. ఒక్కోదానికి అర్ధణా కూలి. రేకు ఇచ్చేదీ, కొలత చెప్పేదీ కృష్ణగిరి వ్యాపారి జయరామప్ప. అడుగు చిన్నదైతే ఒక డబ్బాకు ఎక్కువ బుడ్లు వస్తాయి. అలికిన ఎగుడుదిగుడు నేలమీద అవి నిలుస్తాయా అన్నది ఆయనకు పట్టదు. తనదాకా వస్తేగాని తెలియదంటారు, ఇన్నాళ్ళూ అంకప్పకూ పట్టలేదు.

బాలింత గదిలో పగలూ రాత్రీ దీపం ఆరకూడదు. ఆరితే బిడ్డకు గాలి సోకుతుందని అంగాళమ్మ భయం. నేల తుడిచీ తుడవకముందే అదే బుడ్డిని మళ్ళీ వెలిగించి, కూతురి తల దగ్గరే పెట్టింది.

"దాన్ని ఆర్పేయమ్మా. కన్ను మూయాలంటే భయంగా ఉండాది," అని పిల్లమ్మ బతిమాలింది.

"అట్లనకూడదు తల్లీ. ఆరితే ఇంకేమొస్తాదో!"

ఇద్దరిదీ భయమే. బుడ్డి వెలుగుతూనే ఉంది.

అంకప్ప గుమ్మంలో కూలబడి అడిగాడు. "యెట్ల పడిందమ్మా?"

"బిడ్డ ఏడుస్తా ఉంటే ఒక చేత్తో ఎత్తుకుని, ఇంకో చేత్తో బుడ్డిని దగ్గరికి లాగినాను నాయినా. పట్టుకునేదానికి ఏముండాది దానికి? మెడ కాలిపోతా ఉంటే వదిలేసినాను."

ఇన్నేళ్ళ పనిలో బుడ్డి గురించి ఎవరూ అతనికి ఇంత మాట చెప్పలేదు. అతనూ ఎవరినీ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి మిగిలిన రేకుతో కొత్త బుడ్డి తయారైంది. పొట్టిది. అడుగు పళ్ళెమంత వెడల్పు. అడుగున రెండు రేకుల మధ్య బరువుకు ఇసుక పోసి మాటు వేశాడు. నూనె ఒలకకుండా వత్తి గొట్టం బిగించాడు. మంటకు దూరంగా, వేళ్ళు దూరేలా పిడి పెట్టాడు. కాలితో తోస్తే ఊగింది కాని పడలేదు. పిల్లమ్మ ఒక చేత్తో బిడ్డను ఎత్తుకుని, రెండో చేత్తో దాన్ని ఎత్తి చూసింది. కాసేపటికి కంటినిండా నిద్రపోయింది.

సాయంత్రం జయరామప్ప బండిమీద వచ్చి కొత్త రేకు దింపించాడు. ఆయనకు చూపించాలన్న ఆశతో అంకప్ప పాత బుడ్డిని వెలిగించి లోపల పెట్టించి, కొత్తదాన్ని బయటికి తెప్పించాడు. జయరామప్ప దాన్ని తోసి చూశాడు, తిప్పి చూశాడు.

"బాగుండాదప్పా. నేను తీసుకుపోతా. మా కోడలికి నెలలు నిండినాయి."

అంకప్ప ముఖం వికసించింది. "అట్లయితే ఇంక ఇట్లాంటివే చేస్తానప్పా."

"పిచ్చా నీకు? మూడింతల రేకు పడతాది. అంగడికి పాతవే చెయ్. బుడ్డి పడితే పెట్టినోళ్ళ తప్పు, మనదేముండాది?"

 ఈ మనిషి తప్ప అంకప్పకు రేకు ఇచ్చేవాడు లేడు, చేసినవి కొనేవాడూ లేడు. లోపల బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది.

"మీ కోడలికి ఇది తీసుకుపోండప్పా. ఆ తల్లికి ఏమీ కాకూడదు," అన్నాడు.  "పాతవి మాత్రం నేను చేయలేను."

"చేయలేవా, చేయవా?"

"చేయనప్పా."

జయరామప్ప రేకంతా మళ్ళీ బండికెక్కించాడు. "హోసూరులో ఈ పని చేసేవాళ్ళే లేరనుకున్నావా?" అంటూ కొత్త బుడ్డిని ఒళ్ళో జాగ్రత్తగా పెట్టుకుని కూర్చున్నాడు.

బండి మలుపు తిరిగాక అంకప్ప ఇంట్లోకి వచ్చాడు. చీకటి పడుతోంది. లోపల పిల్లమ్మ లేచి కూర్చుని, పాత బుడ్డికీ బిడ్డకూ మధ్య రెండు చేతులూ అడ్డం పెట్టి కాపలా కాస్తోంది. ఇంట్లో రేకుముక్క మిగల్లేదు.

 అంగాళమ్మ మూలనున్న రాగిపిండి రేకు డబ్బాను ఎత్తి, పిండిని గంపలోకి కుమ్మరించి, ఖాళీ డబ్బాను తెచ్చి అతని రేకు కత్తెర పక్కన పెట్టింది.