పికప్పు బండిల తల్లిగారి తోవ

పొద్దుగాల్నే హ్యాండిల్ తిప్పి బండి లేపుడు, జనవాడల ఆగుడు, మన్నాఏఖేళ్ళి సంతల జనాన్ని దించుడు, మాపటికి బీదరు చేరుడు. సంసోను బతుకంత గదే. బీదరు మైసూరు రాజ్యంల కలిసిన కొత్తల ముచ్చట ఇది. పికప్పు బండి మాత్రం లడాయి కాలంది. ఎడమ దిక్కు సీటు ముందట రేకు తుప్పువట్టి అరచెయ్యంత చిల్లు వడ్డది. అండ్ల కిందున్న రోడ్డు కనవడదు. ఆ సీట్ల కూసున్న ఆడమనిషి తల్లిగారింటి తోవ కనవడుతది. అందుకే ఆడోళ్లు ఆ సీటు కోసం కొట్లాడుకునేటోళ్లు. "జరా జరుగక్కా, మా ఊరి మొగదల చూసి మళ్ల నీకిస్త" అని.

సంసోను పెండ్లాం హేబ్సిబా. కలరా వచ్చిన ఏడు ఎవరో తెచ్చి మిషనోళ్ల దగ్గర ఇడిసిపెట్టిన పిల్ల. ఏ ఊరో, ఎవరి బిడ్డనో తెల్వదు. జామపండ్ల గంప పట్టుకొని మొగనితోని సంతకు వోతది. వచ్చేటప్పుడు ఖాళీ బండిల ఆ సీట్ల కూసుంటే కాళ్ల కాడ ఒక తోవ కనవడేది. నల్లరేగడి, రెండు దిక్కుల తెల్లరాళ్లు, గిలక ఇరిగిన బాయి.

"ఇది ఏ ఊరయ్యా?"

"నాకేం ఎరుక!" అని కసిరేటోడు సంసోను.

తనకు తెల్వని తోవ ఉన్నదంటేనే ఆయనకు మంట. అసలు బాధ ఇంకోటి. ఆమెకు తనోళ్లు దొరికితే మళ్ల నా దగ్గరికి వస్తదా అని.

ఇంజను వేడికి కాళ్లు కాల్తున్నయని సాకు చెప్పి, హైద్రాబాదుకెళ్లి రబ్బరు మ్యాటు తెచ్చిండు. సిద్దయ్య మిస్త్రీ దాన్ని ఎండల పరిచి, వంకర వొయ్యేదాంక ఇటుకలు వెట్టిండు. చిల్లు చుట్టున్న పాత గోనె పీకి తుప్పు గీకిండు. గేరు రాడ్డు కాడ సుద్దతోని గీసి, "రబ్బరు సాగుతది, జరా తక్కువనే కొయ్యాలె" అనుకుంట బ్లేడు ఆడించిండు. తలుపు కాడ రేకుపట్టీ కింద అంచులు దూర్చి స్క్రూలు బిగించిండు.

"చిల్లు మూపిచ్చినవ్, ఆడోళ్లు ఊకుంటరా అన్నా?" అన్నడు.

"ఎవ్వరేమన్నా సరే. చెప్పులిడిసి ఎక్కమను, కొత్త మ్యాటు!"

ఆడోళ్లు తిట్టుకుంటనే చెప్పులు చేతవట్టుకొని ఎక్కిండ్రు. హేబ్సిబా అరికాళ్లతోని రబ్బరును రాసుకుంట కూసుండేది, దురద వెట్టినట్టు. ఆ చప్పుడుకు సంసోనుకు పానం కుదురు లేకపాయె.

ఒకనాడు జనవాడల, తల్లిగారింటికి వోయే భాగీరథిని బండెక్కిస్తుండు ఆమె మొగడు. "ఎన్నొద్దులుంటవే? తోల్కవోనీకి ఎప్పుడు రావాలె?" అని బతిమాలిండు.

"జల్దీ రాకు!" అన్నది భాగీరథి మస్తు గర్వంగ.

హేబ్సిబా ముఖం పక్కకు తిప్పుకున్నది. సంసోను చూసిండు. పదేండ్ల కాపురంల ఆ మాట తను అడిగింది లేదు, ఆమె చెప్పింది లేదు.

సంతల హేబ్సిబాను తప్ప అందరిని దించినంక, సంసోను సీటు కిందున్న కత్తి తీసి, కొత్త మ్యాటును కోసిండు. తెల్లరాళ్ల తోవ మళ్ల కనవడ్డది.

"పా, ఎతుకుదాం."

తప్పు తోవకు మళ్లితే చిల్లుల చీకటి, సరైన తోవకు మళ్లితే వెలుగు. ముందే చూడొచ్చు గదా అంటరేమో, భయపడ్డోడు ఎట్ల చూస్తడు? నిర్ణా దాటి జొన్నచేన్ల నడుమ బండి మళ్లంగనే చిల్లుల తెల్లరాళ్లు, బయట తెల్లరాళ్లు ఒక్కటైనయి. గిలక ఇరిగిన బాయి కాడ ఒక ముసలవ్వ చాట కింద వెట్టి లేచింది.

"ఎంతసేపే బిడ్డా! రొట్టెలు సల్లారిపాయె" అన్నది.

హేబ్సిబా బండి దుంకి ఉరికింది. అవ్వ మెడ వట్టుకొని ఇద్దరు ఏడుస్తుంటే సంసోను స్టీరింగు ఇడవలేదు. జరసేపటికి తల బయటికి వెట్టిండు.

"ఎన్నొద్దులుంటవే? తోల్కవోనీకి ఎప్పుడు రావాలె?"

హేబ్సిబా కండ్లు తుడుచుకొని చూసింది. ఏడుపులనే నవ్వింది.

"జల్దీ రాకు!"

ఇగ ఈమె రాదనుకున్నడు సంసోను. బండి తిప్పబోతుంటే మ్యాటు మీద ఆమె చెప్పులు కనవడ్డయి.

"నీ చెప్పులు!" అని కేకేసిండు.

"ఆడనే ఉండనీ" అన్నది హేబ్సిబా, అవ్వ చెయ్యి వట్టుకొని ఇంట్లకు వోవుకుంట.